గాలి నిద్రపోయే నీళ్ళు

వేలాపురి వారి ఓడ రాజహంస నడిసముద్రంలో నిలిచిపోయి అది ఆరో రోజు. లంగరు వేసి నిలిచింది కాదు, గాలి లేక నిలిచింది. మూడు తెరచాపలూ ఆరేసిన దుప్పట్లలా వేలాడుతున్నాయి. చూసినంతమేర నీటి మీద అల అన్నది లేదు. వంటవాడు మూడు రోజుల కిందట పారబోసిన కందతొక్కలు, వెళ్ళమన్నా వెళ్ళని చుట్టాల్లాగా, ఇంకా ఓడ పక్కనే తేలుతున్నాయి.

ఆకాశం మాత్రం ఊరుకోలేదు. దిక్కులన్నిటా తెల్లని మేఘాలు కోటబురుజుల్లా లేచి, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి, సూర్యుణ్ణి కూడా దాటి పోతున్నాయి. వాటి నీడలు నీటి మీద నల్లగా పరుచుకున్నాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆ మేఘాల పొట్టలు ఊదారంగుకు తిరిగి లోలోపల మెరుస్తాయి. ఉరుము మాత్రం వినపడదు. అంత పెద్ద ఆకాశం అంత నిశ్శబ్దంగా పైకి పైకి పోవడం చూసి నావికులు మాటలు మానేశారు.

ఓడ ముందుభాగాన జరీ తలపాగా పెట్టుకుని యువరాజు కీర్తికేతుడు నిలబడి ఉన్నాడు. నిజానికి ఆయన యువరాజు కాదు. వేలాపురి కుమ్మరివీధిలో కుండలు చేసుకునే మాచన్న.

ఈ తారుమారు ఎలా జరిగిందంటే, ఆ యేడు జ్యేష్ఠం వచ్చినా నైరుతి నుంచి రావలసిన వానగాలి రాలేదు. చెరువులు నెర్రెలిచ్చాయి. అప్పుడు ధూమకర్ణుడనే మాంత్రికుడు నిండుకొలువులోకి వచ్చి, లక్కతో మూతి బిగించిన శంఖం ఒకటి ఎత్తి చూపించాడు. మీ గాలి ఇందులో ఉంది అన్నాడు. ఆషాఢ పున్నమి లోపల నాకు నచ్చిన రోజున దీన్ని తెరుస్తాను, గాలి వస్తే కిరీటం నాది, ఈలోగా గాలి ఇందులో లేదని రుజువు చేసినవాడుంటే నా తల వాడిది అన్నాడు. మణికేతు మహారాజు మీసం మీద చెయ్యి వేసి సరేనన్నాడు. గాలి ఎక్కడ పుడుతుందో తన కొడుకు వెళ్ళి చూసి వస్తాడని కూడా అనేశాడు.

ఆ కొడుకు కత్తిసాములో దిట్టే. కాని స్నానాల తొట్టి నిండుగా కనబడితే చాలు, కళ్ళు తిరిగి పడిపోతాడు. మంత్రి తల పట్టుకుని, నగరమంతా గాలించి, యువరాజును అచ్చుగుద్దినట్టున్న మాచన్నను పట్టుకొచ్చాడు. మాచన్నకు జరీ తలపాగా, రాజముద్ర ఉంగరం దక్కాయి. యువరాజుకు మాచన్న గుడిసె, కుండలు చేసే సారె, చేతి నిండా మట్టి దక్కాయి. సంగతి బయటపడితే రాజవేషం కట్టినవాడి తల తీయాలని శాసనం. మంత్రి ఆ మాట ముందే చెప్పాడు. అప్పుడు నువ్వెవరో నాకు తెలియదంటానని కూడా చెప్పాడు, దాపరికం లేని మనిషి.

దళవాయి వజ్రముష్టి బరువైన అడుగులతో మాచన్న దగ్గరికి వచ్చాడు. ఓడ మీది సైనికులకు ఆయన పెద్ద. ముప్పై యేళ్ళుగా కోట ఉప్పు తిన్నవాడు, నవ్వడం మరిచిపోయినవాడు.

"ప్రభూ, మంచినీళ్ళు పదహారు కడవలున్నాయి. మనం నలభైమందిమి. పున్నమి ఇంక పంతొమ్మిది రోజులు. ధూమకర్ణుడు గాలిని నిజంగానే కట్టేశాడు, నా మాట వినండి. తెడ్లు వేయించి ఇంటి వైపు తిప్పుదాం. కిరీటం పోయే రోజున కనీసం మనం కోటలో ఉండాలి."

మాచన్న జవాబు వెతుక్కుంటూ చుక్కాని వైపు చూశాడు. చుక్కాని దగ్గర ఓడ నడిపే తండేలు నూకాలవ్వ కూర్చుని ఉంది. డెబ్భై యేళ్ళ మనిషి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. ఆమె ముక్కులోంచి వచ్చిన పొగ అటూ ఇటూ పోలేదు. దారం లాగినట్టు తిన్నగా పైకి పోయింది. పావురాల పంజరంలోంచి రాలిన ఈక ఒకటి ఆ పొగ వెంటే తెరచాప కొయ్య దాకా లేచింది, అక్కడా ఆగలేదు.

మాచన్న ఆ ఈకను చూస్తూ నోరు తెరిచాడు. ఎన్ని వందల సార్లు చూశాడో అది. కుండల ఆవం కాల్చేటప్పుడు నడిమధ్య వేసిన గడ్డిపోచ అలాగే లేస్తుంది. ఆవంలో గాలి చచ్చిపోదు, వేడెక్కి నిట్టనిలువుగా పైకి పోతుంది. పోయినకొద్దీ అడుగున నాలుగు వైపుల కంతల్లోంచి కొత్త గాలి లోపలికి దూరుతుంది. ఆ కంతల దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది.

"అవ్వా, గాలి చావలేదు," అన్నాడు మెల్లగా. "ఇక్కడ నిలబడి పైకి పోతోంది. మనం ఆవం నడిమధ్య ఉన్నాం."

నూకాలవ్వ చుట్ట తీసి అతన్ని ఎగాదిగా చూసింది. "రాజుల కొంపలో ఆవం ఎక్కడ సూసినావు బావూ?" అంది. మాచన్నకు చెమట పట్టింది. ఆమె మాత్రం ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. "సచ్చిపోనేదని నానూ ఎరుగుదును. దచ్చినానికి రెండు మూడు రోజులు పోతే సల్లగా కొడతాది. ఎందుకో నానెరగను. మా మావ సెప్పేవోడు."

ఆమె మాట ముగిసిందో లేదో, వెనక మేఘపు బురుజు ఒకటి కూలింది.

కూలిందనే చెప్పాలి. అంతసేపూ పైకి పోయినదంతా ఒక్కసారిగా కిందికి వచ్చింది. చల్లని గాలి చెంపదెబ్బలా తగిలి తెరచాపలు ఫెళ్ళుమన్నాయి. వాన ధారలుగా కాదు, గోడలా పడింది. ఆ గోడ చీల్చుకుని మేఘం పొట్టలోంచి నల్లని తొండం ఒకటి దిగింది. సముద్రం లేచి దాన్ని అందుకుంది. రెండూ కలిసి, తాటిచెట్లు పది నిలబెట్టినంత ఎత్తున, గిరగిర తిరుగుతూ ఓడ మీదికి వచ్చాయి.

"పెద్ద సాప కోసెయ్యండి," అని నూకాలవ్వ కేక వేసింది. తాడు ముడి బిగుసుకుపోయింది. వజ్రముష్టి కత్తి నోట కరుచుకుని కొయ్య ఎక్కి, ఒక్క వేటుతో తాడు తెంచి, తెగిన చాపతో పాటే కిందికి జారాడు. మాచన్న చుక్కాని కర్ర మీద బోర్లా పడి, ముసలామె ఎటు నెట్టమంటే అటు నెట్టాడు. నీటిస్తంభం వాళ్ళ ఎడమపక్కన, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా, రొద చేస్తూ పోయింది. దాని గోడలో బతికున్న చేపలు సుడి తిరుగుతూ మెరవడం మాచన్న కళ్ళారా చూశాడు. భయపడాలన్న సంగతి అతనికి తరవాత గుర్తొచ్చింది.

తుపాను తుపానును తరుముతూ రెండు రోజులు ఓడను దక్షిణానికి నెట్టింది. కడవలన్నీ వాననీటితో నిండాయి. మూడో నాటి ఉదయం మేఘాలు వెనకబడ్డాయి. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆగ్నేయం నుంచి గాలి వీస్తోంది. విసురు లేదు, తగ్గడం లేదు, ఒకే వేగం, ఒకే దిక్కు. చల్లగా, ఉప్పగా, ఎక్కడో చాలా దూరం నుంచి బయలుదేరి దారిలో ఎక్కడా కూర్చోని గాలి అది. మాచన్న దానికి మొహం పెట్టి నిలబడ్డాడు. ఆవం కంత దగ్గర చెయ్యి పెట్టినప్పటి చల్లదనమే. కాకపోతే ఈ ఆవం వెడల్పు ఎన్ని రాజ్యాలో. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

నావికులు గంతులు వేశారు. వజ్రముష్టి మాత్రం గాలి పోయే దిక్కు చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ప్రభూ, మన ఊరు ఈశాన్యాన ఉంది. ఈ గాలి వాయవ్యానికి పోతోంది. దీన్ని పట్టుకుంటే పడమటి దేశాల ఇసకలో తేలుతాం. పున్నమి ఇంక పదహారు రోజులు. గాలి ఉందని చూశాం కదా, చాలు. తెడ్లు వేసి తిన్నగా ఇంటికి పోదాం."

తిన్నగా పోవడమంటే మళ్ళీ ఆ ఆవంలోకి పోవడమే. అది అందరికీ తెలుసు.

నూకాలవ్వ తన మూట విప్పి ఒక ఎండు సొరబుర్ర తీసింది. తండేళ్ళకు ఒక ఆచారం ఉంది. ఒడ్డు కనబడనంత దూరం పోయాక, రోజుకొక సొరబుర్రకు మూతి బిగించి, ఇంటి గుర్తు చెక్కి, బయలుదేరి ఎన్నాళ్ళయిందో అన్ని గాట్లు పెట్టి నీళ్ళలో వదులుతారు. మనిషి తిరిగి రాకపోయినా బుర్ర వస్తే, ఎంత దూరం పోయాడో ఇంటివాళ్ళకు తెలుస్తుంది.

"ఇది మా మావది. గాట్లు లెక్కెట్టు, ముప్పై రెండు. ఇక్కడే ఎక్కడో ఒగ్గేసుంటాడు. మావ రానేదు. ఇది రెండేళ్ళకి వొచ్చినాది. ఎటునుంచి వొచ్చినాదనుకున్నావు? నైరుతి నుంచి, వానగాలితోటి." ఆమె బుర్రను తిప్పి చూపింది. గాట్ల పక్కన ఎర్రరంగుతో చేప బొమ్మ ఒకటి ఉంది. "ఇది మావోడు గీసింది కాదు. పడమటి దేశంలో ఎవులికో దొరికుంటాది. బొమ్మేసి మళ్ళీ నీళ్ళలో ఒగ్గేసినారు, ఎవులి బిడ్డలో."

నలభైమందీ ఆ చేప వంక చూశారు. ఆ సముద్రం చివర ఎవరో కూర్చుని, తెలియని ఇంటికి చేరాలని తెలియని మనిషి గుర్తును మళ్ళీ నీళ్ళలో పెట్టారు. నీళ్ళు దాన్ని తెచ్చి ఇచ్చాయి.

"వచ్చిందే అనుకో," అన్నాడు వజ్రముష్టి. "వాయవ్యానికి పోయేది ఈశాన్యానికి ఎందుకు తిరుగుతుంది? మధ్యలో కొండ ఉందా, గోడ ఉందా?"

మాచన్నకు అప్పుడు తట్టింది. తట్టగానే తానెవరన్నది మరిచిపోయాడు. వంటవాడి తిరగలి తెప్పించాడు. పైరాయి మీద తడిపసుపు పలచగా పూశాడు. జరీ తలపాగా తీసి పక్కన పడేసి, కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చుని, బొటనవేలితో రాయి అంచును ఒక్క తోపు తోశాడు. రాయి వణుకు లేకుండా, చప్పుడు లేకుండా తిరిగింది.

"చూడండి. వేలు తిన్నగా లాగుతున్నాను, అంచు నుంచి నడిమికి. వంపు తిప్పడం లేదు."

రాయి ఆగింది. పసుపులో గీత తిన్నగా లేదు. కొడవలిలా కుడికి వంగింది.

"వేలు వంగలేదు. కింద రాయి తిరిగింది, అందుకని గీత వంగింది. భూమి కూడా సారెలాగా తిరుగుతోందనుకోండి, మనల్ని, సముద్రాన్ని, అన్నింటినీ పెట్టుకుని. గాలి తన దారిన తిన్నగానే పోతుంది. భూమి నడుమున ఒక గీత గీస్తే, ఆ నడుముకి మన ఇంటి వైపున అది కుడికి వంగుతుంది. ఈ వైపున, అంటే సారెను కింద నుంచి చూసినట్టు, ఎడమకి వంగుతుంది. అందుకే ఇక్కడ వాయవ్యానికి పోతోంది. నడుము దాటగానే కుడికి తిరుగుతుంది. తిరిగి ఎక్కడికి పోతుంది? వేసవికి సూర్యుడు ఉత్తరానికి జరిగాడు. ఆవం మంట మన దేశం మీదికి జరిగింది. అక్కడికే పోతుంది. నైరుతి గాలి అంటే వేరే గాలి కాదు దళవాయి గారూ, ఇదే."

కాళ్ళ కింద ఓడ బల్లలు గట్టిగానే ఉన్నాయి. అయినా ఒకరిద్దరు పక్కనున్న తాడు పట్టుకున్నారు.

వజ్రముష్టి గీతను చూడటం లేదు. తిరగలి అంచు మీద ఉన్న చేతిని చూస్తున్నాడు. బొటనవేలి పక్కన ఏళ్ళ తరబడి మట్టి ఒరుసుకున్న కాయ ఉంది. కత్తి పట్టిన చెయ్యి అక్కడ కాయ కాయదు.

"యువరాజుకు నేనే సాము నేర్పాను," అన్నాడు. "ఇది ఆయన చెయ్యి కాదు. ఎవడివిరా నువ్వు?"

కత్తి ఒర దాటింది. మాచన్న లేవలేదు, అబద్ధమూ ఆడలేదు. "మాచన్నని. కుమ్మరిని. కోటలో మీరు తాగే నీళ్ళ కడవలు నావే," అన్నాడు.

నూకాలవ్వ నింపాదిగా వచ్చి, ఇద్దరి మధ్యా తిరగలి మీద కూర్చుంది. "నానెక్కిన రోజే ఎరుగుదును. ఓడెక్కుతా మంచినీళ్ళ కడవలు ఏలితో కొట్టి మోత ఇన్నాడు. ఏ రాజుబిడ్డ ఆ పని సేత్తాడు? నరుకుతావా? నరికేసి గాలిని నువ్వు తిప్పుతావా?"

వజ్రముష్టి చాలాసేపు ఆలోచించాడు. ఆయనకు ఆలోచించే అలవాటు తక్కువ కాబట్టి కష్టమైంది. చివరికి కత్తి ఒరలో పెట్టి, "నాలుగు రోజులు," అన్నాడు. "గాలి తిరగకపోతే నీ తల నేనే తీస్తాను."

ఓడ ఇంటికి వీపు తిప్పి, తెరచాపలు పొంగించుకుని, వాయవ్యానికి పరుగెత్తింది.

మొదటి రోజు గాలి అలాగే ఉంది. రెండో రోజూ అంతే. మాచన్న తిండి తినలేదు. కింద నీళ్ళు కూడా గాలితో పాటే నది పారినట్టు పారుతున్నాయి. తాటికాయలు, ఎవరివో విరిగిన బుట్టలు, పేరు తెలియని పెద్ద గింజలు ఓడ వెంట బారులు తీరి వస్తున్నాయి. మూడో రోజున చుక్కాని కదపకుండానే తెరచాపల నీడ కాస్త పక్కకు జరిగింది. గాలి దక్షిణం నుంచి వస్తోంది. నాలుగో నాటి ఉదయం మాచన్న లేచి చూసేసరికి, రోజూ ఓడకు కుడిపక్కన పొడిచే సూర్యుడు దాదాపు ఎదురుగా, ఓడ ముందుకొయ్య కొసకు కొంచెం కుడిగా పొడుస్తున్నాడు. గాలి నైరుతి నుంచి వీపు తడుతోంది. అంత పెద్ద గాలి, కొండ లేకుండా, గోడ లేకుండా, ఎవరూ పిలవకుండా, వంపు తిరిగింది.

నావికులు నీళ్ళ వైపు తిరిగి చేతులు జోడించారు. వజ్రముష్టి కూడా జోడించాడు. ఆ తరవాత ఆయన మాచన్నను ప్రభూ అనలేదు, ఒరేయ్ అనీ అనలేదు. ఏమనాలో తెలియక ఏమీ అనకుండా తొమ్మిది రోజులు గడిపాడు. గాలి రోజురోజుకూ బలిసింది. వెనక దిక్కంతా మేఘాలు నల్లగా, వరసలు వరసలుగా, ఓడతో పాటు నడిచి వచ్చాయి.

పున్నమి మూడు రోజులుందనగా తెరచాపలు ఉన్నట్టుండి వాలిపోయాయి. ముందు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వెనక, కూతవేటు దూరంలో, నీటి మీద నల్లని గీత గీసినట్టు అలలు మొదలవుతున్నాయి.

"గాలి అంచు ఇది," అన్నాడు మాచన్న. "ఎండిన కాలువలోకి నీళ్ళు వదిలితే, వెనక ఎంత పరుగున వచ్చినా మొదటి నీళ్ళు మెల్లగానే పాకుతాయి. మనం గాలి కన్నా ముందుకొచ్చేశాం."

"అయితే మంచిదే," అన్నాడు వజ్రముష్టి. "ఇది పాకి మూడు రోజుల్లో ఒడ్డు చేరుతుంది. దీనితోనే మనమూ చేరతాం."

మాచన్న తల అడ్డంగా ఊపాడు. "ధూమకర్ణుడు ఏమన్నాడో గుర్తుందా? నాకు నచ్చిన రోజున తెరుస్తానన్నాడు. ఏ రోజు నచ్చుతుంది వాడికి? కొండెక్కి చూస్తూ ఉంటాడు. ఈ మేఘం కొస కనబడగానే కొలువుకొచ్చి శంఖం తెరుస్తాడు. గాలి వస్తుంది. మనం గాలితో పాటు చేరేసరికి కిరీటం వాడి తల మీద ఉంటుంది."

గాలిని వెతుక్కుంటూ భూమి నడుము దాటి పోయి వచ్చారు. ఇప్పుడు ఆ గాలి కన్నా ముందు ఇంటికి చేరాలి.

పంజరంలో పావురం ఒక్కటే మిగిలింది. వజ్రముష్టి పట్టుపీలిక మీద మాచన్న చెప్పినట్టు రాశాడు: మహారాజా, గాలి శంఖంలో లేదు, మా వెనక ఉంది. ఈ జాబు అందిన క్షణమే శంఖం పగలగొట్టించండి, ఆకు కూడా కదలదు. మూడో రోజున గాలి తానే వస్తుంది.

"ఉంగరం ఇవ్వు," అన్నాడు దళవాయి. "యువరాజు ముద్ర లేకపోతే ఎవరూ నమ్మరు."

మాచన్న ఉంగరం తీశాడు. దాన్ని పీలిక మీద పెట్టబోయి ఆగాడు.

వేలాపురి కుమ్మరులకు ఒక కట్టుబాటు ఉంది. కాలిన కుండను వేలితో కొట్టి వింటారు. ఖంగుమని మోగితేనే మెడ కింద నల్లరంగుతో తమ బొటనవేలి గుర్తు వేస్తారు. మొద్దుగా పలికినదానికి వెయ్యరు, ఎవరు ఎంత బతిమాలినా వెయ్యరు. ఆ గుర్తు ఉన్న కడవలోనే మహారాజు రోజూ నీళ్ళు తాగుతాడు.

"వాడు అబద్ధానికి లక్క ముద్ర వేసి రాజ్యం అడుగుతున్నాడు," అన్నాడు మాచన్న. "మనం నిజానికి దొంగ ముద్ర వేస్తే, అసలు యువరాజు గుడిసెలో దొరికిన రోజున నిజం కూడా దొంగదైపోతుంది. ఇది మోగే కుండే. నా గుర్తే వేస్తాను."

"ఆ గుర్తు కొలువులో చూస్తే నీ తల పోతుంది."

"తెలుసు," అన్నాడు. ఓడ సందులకు పూసే తారులాంటి కీలులో బొటనవేలు ముంచి, పీలిక అడుగున గట్టిగా నొక్కాడు. గీతలు గీతలుగా, చిన్న సుడిలా, నల్లని గుర్తు పడింది.

వజ్రముష్టి ఆ గుర్తు వంక చూశాడు. తరవాత తన బొటనవేలు కూడా కీలులో ముంచి, దాని పక్కనే నొక్కాడు.

పావురం లేచింది. ఓడ చుట్టూ ఒకసారి తిరిగి, గాలి లేని నీళ్ళ మీదుగా ఈశాన్యానికి పోయింది. అది ఆవగింజంత అయ్యేసరికి, అటు నుంచే ఇంకొక చుక్క కనబడింది. అది పావురం కన్నా పెద్దది. రెక్కలు ఆడించకుండా ఎత్తున తిరుగుతోంది. ధూమకర్ణుడి భుజం మీద ఎప్పుడూ ఒక డేగ కూర్చుని ఉంటుందని వేలాపురిలో అందరికీ తెలుసు.

బాణం అందని దూరం. పావురాన్ని ఎవరూ కాపాడలేరు, జాబు చేరకపోతే గాలి కన్నా ముందు తామే చేరాలి. నూకాలవ్వ చుక్కాని ఈశాన్యానికి తిప్పింది. పద్దెనిమిది జతల తెడ్లు నీళ్ళలో పడ్డాయి.

వజ్రముష్టి కవచం విప్పి కింద పడేసి, ముందు బల్ల మీద కూర్చున్నాడు. రెండో తెడ్డు పిడి పక్కకు తోసి తల తిప్పాడు.

"రా మాచన్నా, పట్టు," అన్నాడు.

వాళ్ళ వెనక, నల్లని గీత మెల్లగా పాకి వస్తూనే ఉంది.